పర్యావరణ చదువు: ఏ దేశంలో ఎలా ఉంది, మన వరంగల్ బడుల్లో ఎలా ఉండాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి వరంగల్ జిల్లా బడుల్లో ఎకో క్లబ్ బాధ్యత చూసే టీచర్లు, బీఎడ్ చదివేవాళ్లు, తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి కాస్త ఓపికగా చదవాలి. వేరే దేశాలను చూపించి మన టీచర్లను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అక్కడి బడుల నుంచి మనం తెచ్చుకోదగ్గవి కొన్నే ఉన్నాయి. తెచ్చుకోకూడనివీ ఉన్నాయి.

ఈ చదువు ఎప్పుడు మొదలైంది? బడిలో పెట్టమని ఎవరు చెప్పారు?

1972లో స్టాక్‌హోంలో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి సమావేశం జరిగింది. చదువు సంగతి అక్కడే తెర మీదికొచ్చింది. 1975లో బెల్‌గ్రేడ్‌లో ముసాయిదా రాసుకున్నారు. 1977 అక్టోబరులో అప్పటి సోవియట్ జార్జియా రాజధాని టిబిలిసిలో ప్రభుత్వాలన్నీ కూర్చుని ఒక ప్రకటన చేశాయి. పిల్లవాడికి విషయం తెలిస్తే చాలదు, పట్టింపు ఉండాలి, పని చేతనవ్వాలి, తన ఊరి సమస్యలో తానూ చేయి వేయాలి అన్నది దాని సారం. ఇప్పటికీ అంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు. తర్వాత 2005 నుంచి 2014 వరకు సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దం జరిపారు. ఆ ప్రతిపాదన జపాన్‌ది.

మన దేశంలో ఇది తప్పనిసరా, లేక బడి ఇష్టమా?

తప్పనిసరే. అదీ సుప్రీంకోర్టు ఆదేశంతో. ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన కేసులో 1991లో, అన్ని స్థాయుల్లో పర్యావరణ విద్య ఉండాలని కోర్టు చెప్పింది. రాష్ట్రాలు నాన్చుతుంటే 2003లో మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకున్నా పర్యావరణ పేపరు రాయాల్సి రావడం దాని ఫలితమే. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం అడవులను, చెరువులను, నదులను కాపాడటం పౌరుల విధి కూడా. 1976లో 42వ సవరణతో అది చేరింది.

తెలంగాణలో మూడు నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానం ఉంది. ఆరో తరగతి నుంచి అది విడిపోయి కొంత సైన్స్‌లోకి, కొంత సోషల్‌లోకి పోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో పర్యావరణ విద్య పరీక్ష ఏళ్లుగా ఉంది. పాస్ కావాలి, కానీ మార్కులు మొత్తంలో కలవవు. కలవని మార్కుల కోసం మన కార్పొరేట్ కాలేజీలు ఎన్ని క్లాసులు తీసుకుంటాయో చదువుకున్న పిల్లల్నే అడగండి.

ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఈ చదువును తప్పనిసరి చేయడం ప్రపంచంలో అరుదు. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం.

మా మనవడు న్యూజెర్సీలో రెండో తరగతి. అప్పుడే క్లైమేట్ పాఠాలు చెప్తున్నారట. నిజమేనా?

నిజమే. అమెరికా అంతటికీ ఒకే సిలబస్ ఉండదు, ఎవరి రాష్ట్రం వాళ్లది. క్లైమేట్ మార్పును దాదాపు అన్ని సబ్జెక్టుల్లో, కిండర్‌గార్టెన్ నుంచే చెప్పాలని నిర్ణయించిన తొలి రాష్ట్రం న్యూజెర్సీ. 2020లో నిర్ణయించారు, 2022 సెప్టెంబరు నుంచి అమలు చేశారు. సైన్స్‌లోనే కాదు, డ్రాయింగ్‌లో, ఆరోగ్యం–ఆటల క్లాసులో కూడా ఆ ప్రస్తావన రావాలి. రెండో తరగతి పిల్లాడికి కార్బన్ లెక్కలు చెప్తారనుకోకండి. ఆ వయసులో వానలు, మొక్కలు, పురుగులు, ఎండలో ఆడుకోవడం, అంతవరకే.

దీనికంటే ముందు 2011లో మేరీలాండ్ రాష్ట్రం హైస్కూల్ దాటాలంటే పర్యావరణ అక్షరాస్యత ఉండాలని నిబంధన పెట్టింది. మరోపక్క అదే దేశంలో క్లైమేట్ మాటెత్తితే గొడవలయ్యే రాష్ట్రాలూ ఉన్నాయి. కాబట్టి ‘అమెరికాలో ఇలా ఉంది’ అని ఎవరైనా అంటే ఏ రాష్ట్రమో ముందు అడగండి.

అన్నిటికన్నా ముందున్న దేశం ఏది?

ఈ ప్రశ్నకు ర్యాంకు రూపంలో జవాబు అడక్కండి. దేశాల్ని వరసగా నిలబెట్టే సరైన కొలత లేదు. ఉన్నవాటిలో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్ష ఒకటి. మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ 2009 విడతలో పాల్గొన్నాయి. 2022 విడతలో మన దేశమే లేదు.

యునెస్కో 2021లో 100 దేశాల పాఠ్యప్రణాళికలు తిరగేసి చూస్తే వాటిలో 53 శాతం మాత్రమే క్లైమేట్ మార్పు మాట ఎత్తాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది టీచర్ల సంగతి. క్లైమేట్ మార్పు తీవ్రతను చెప్పగలమన్నవాళ్లు 40 శాతం కూడా లేరు. తమ సొంత ప్రాంతం మీద దాని ప్రభావాన్ని వివరించగలమన్నవాళ్లు మూడో వంతు. ధ్రువపు ఎలుగుబంటి గురించి చెప్పడం తేలిక, మన వాగు గురించి చెప్పడం కష్టం. ఇది వరంగల్ ఒక్కదాని జబ్బు కాదన్నమాట.

ప్రత్యేక సబ్జెక్టుగా పెట్టాలా, అన్ని సబ్జెక్టుల్లో కలిపేయాలా?

దేశాల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. ఒక్కొక్కరిది ఒక్కో దారి.

బ్రెజిల్ 1999లో పర్యావరణ విద్య మీద ఏకంగా చట్టమే చేసింది. దాన్ని విడి సబ్జెక్టుగా పెట్టొద్దని, అన్నిటిలో కలిపే చెప్పాలని ఆ చట్టంలోనే రాసుకుంది. ఆస్ట్రేలియా కూడా కలిపే దారిలోనే ఉంది. అక్కడ సుస్థిరతను అన్ని సబ్జెక్టుల్లో కనిపించాల్సిన మూడు ప్రాధాన్యాల్లో ఒకటిగా పెట్టారు. ఇటలీ గంటలు కట్టింది. 2019లో వచ్చిన పౌరవిద్య చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 33 గంటలు ఉండాలి. రాజ్యాంగం, సుస్థిరాభివృద్ధి, డిజిటల్ పౌరసత్వం అనే మూడు అంశాలూ ఆ 33 గంటల్లోనే రావాలి. ‘ఇటలీలో ప్రతి పిల్లాడికీ వారానికో క్లైమేట్ క్లాసు’ అని అప్పట్లో పేపర్లలో వచ్చింది కానీ, మూడు అంశాలు పంచుకుంటే వారానికి గంట ఎక్కడ మిగులుతుంది?

ఫిన్లాండ్ రెండిటినీ కలిపింది. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా జీవశాస్త్రం, భూగోళం, భౌతికం, రసాయనం, ఆరోగ్యం అన్నీ ఒకే పరిసరాల సబ్జెక్టు. 2016 నుంచి అమలవుతున్న ప్రణాళిక ప్రకారం ప్రతి పిల్లాడూ ఏడాదికి కనీసం ఒక్కసారైనా సబ్జెక్టుల గోడలు లేని ఒక పెద్ద పని చేయాలి. ఆ పని ఏమిటో ఎంచుకోవడంలో పిల్లల మాటకూ చోటుంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ‘అన్నిటిలో కలపండి’ అనే మాట పేపరు మీద అందంగా ఉంటుంది. బడిలో మాత్రం అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుంది. సైన్స్ సారు సోషల్ మేడం చెప్తుందనుకుంటారు. ఆవిడ ఆయన చెప్తాడనుకుంటుంది. విడి సబ్జెక్టు పెడితే మరో బాధ: ఇంకో పుస్తకం, ఇంకో గైడు, ఇంకో పరీక్ష. మన టైంటేబుల్‌కి ఫిన్లాండ్ వాళ్ల ‘ఏడాదికి ఒక పెద్ద పని’ సరిగ్గా కుదురుతుంది. కొత్త పుస్తకం అక్కర్లేదు, కొత్త టీచరు అక్కర్లేదు. రెండు వారాలు, ఒక చెరువు, ముగ్గురు టీచర్లు ఉంటే నడుస్తుంది.

మన పాఠ్యపుస్తకాలు బాగాలేవంటారా?

అనను. రాష్ట్ర పుస్తకాల్లో సాధించాల్సిన సామర్థ్యాల జాబితా చూడండి: ప్రశ్నించడం, ప్రయోగాలు–క్షేత్ర పరిశీలన, సమాచార సేకరణ–ప్రాజెక్టు పనులు, అన్నీ ఉన్నాయి. పుస్తకం చెరువు దగ్గరికి పొమ్మంటుంది. మనం గైడు దగ్గరికి పోతాం. ‘చెరువు వల్ల ఉపయోగాలేవి?’ అన్న ప్రశ్నకు గైడులో ఐదు పాయింట్లుంటాయి: తాగునీరు, సాగునీరు, చేపలు, పశువులు, భూగర్భ జలం. ఐదూ కరెక్టే. బడి వెనక చెరువు ఎండినా అవే ఐదు, నిండినా అవే ఐదు. నేనైతే ఇలా అడుగుతాను: ‘మన చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్లు బయటికి పోయే చోటు) దూకితే ఆ నీళ్లు ఏ దారిన పోయి ఏ చెరువులో పడతాయి?’ దీనికి ఏ గైడులోనూ జవాబు ఉండదు.

మన చెరువుల మీద పాఠం ఎలా చెప్పాలి? ఒక ఉదాహరణ ఇస్తారా?

ఇస్తాను. ఇందులో మన ప్రాంతానికి దొరికినంత సామగ్రి చాలా దేశాల బడులకు దొరకదు.

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి మన పిల్లలు సోషల్‌లో చదువుతారు. గణపతిదేవుని కాలం, పాకాల, రామప్ప, లక్నవరం అని బట్టీ కొడతారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని కరెంట్ అఫైర్స్‌లో రాస్తారు. 2023 జులై చివరి వారంలో ఆ గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అదొక రికార్డు. అదే వానల్లో మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగితే జనాన్ని హెలికాప్టర్లతో తీసుకురావాల్సి వచ్చింది. ఈ రెండు విషయాలూ ఒకే పాఠంలో పక్కపక్కన కూర్చోవాలి. ఎనిమిది వందల ఏళ్ల కింద వాన నీటిని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి నడిపించిన పద్ధతి ఏమిటి, ఒక్కరోజు అంత వాన పడితే ఆ పద్ధతి ఎంతవరకు తట్టుకుంటుంది, నాలా మీద ఇళ్లు లేస్తే ఏమవుతుంది? ఇది చరిత్రా, భూగోళమా, గణితమా? అన్నీ.

పని ఇలా పెట్టుకోవచ్చు. మొదటి రోజు క్లాసులోనే, నేల మీద ముగ్గుపిండితో ఊరి చెరువు గీయించండి. కట్ట ఎటు, తూము ఎటు, మత్తడి ఎటు, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) ఎంతవరకు? పది మంది పిల్లలు పది రకాలుగా గీస్తారు, అక్కడే సగం పాఠం నడుస్తుంది. తర్వాత కట్ట మీదికి తీసుకెళ్లి, మీటరుకొక ముడి వేసిన తాడుతో కట్ట పొడవు కొలిపించండి. పూడిక తీసిన చోట, తీయని చోట మట్టి రంగు చూపించండి. ఊళ్లో నీరడి పని (చెరువు నీళ్లు పొలాలకు పంచే పని) చేసిన పెద్దమనిషి ఉంటే ఆయన్ని పిలవండి. తూము ఎప్పుడు లేపాలి, ముందు ఎవరి మడికి నీళ్లు, కరువు ఏడాది ఏం చేసేవాళ్లు, ఇవన్నీ ఆయన నోట వినాలి. మూడో రోజు ఆయకట్టు మ్యాపు, గూగుల్ మ్యాపు, పిల్లల ముగ్గు మూడూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలే చెప్తారు. కొన్ని తేడాలు పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటాయి, అది వేరే సంగతి.

నగరంలో ఉన్నవాళ్లకు ఇది కుదరదనుకోకండి. హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో చాలా బడులకు నడిచిపోయేంత దూరంలో చెరువో నాలానో ఉంది. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు ఊరందరికీ దాని అడుగు కనిపించింది. ఎన్ని బడులు పిల్లల్ని తీసుకెళ్లి చూపించాయో తెలుసుకోవాలని నాకు ఆసక్తి.

న్యూజిలాండ్ బడుల్లో ఇలాంటి పని ఎన్విరోస్కూల్స్ పేరుతో సాగుతుంది. అక్కడి మావోరీ ప్రజలకు నది, నేల గురించి ఉన్న తెలివిడిని బడి పాఠంలో భాగం చేశారు. మనకు నీరడి ఉన్నాడు, మేకల కాపరి ఉన్నాడు, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ పెద్దలున్నారు. వాళ్లను స్వాతంత్ర్య దినోత్సవం నాడు కుర్చీ వేసి కూర్చోబెట్టడం కాదు, క్లాసులో మాట్లాడించాలి.

బతుకమ్మను పర్యావరణ పాఠంగా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. కాకపోతే ‘బతుకమ్మ ప్రకృతి పండుగ’ అనే వ్యాసం రాయించి వదిలేస్తే లాభం లేదు. గునుగు పువ్వు ఎక్కడ దొరికింది, ఎంత దూరం పోవాల్సి వచ్చింది, అమ్మమ్మ చిన్నప్పుడు ఎక్కడ దొరికేదని పిల్లలు అడిగి రాసుకు రావాలి. గునుగు చేలల్లో, గట్ల మీద మొలిచే మొక్క, రైతు లెక్కలో కలుపు. కలుపుమందు కొట్టిన చేను గట్టు మీద గునుగు ఏరడం కుదరదు. అక్కడి నుంచి పత్తి చేను, మందులు, నేల అని మాట నడుస్తుంది. జనగామ జిల్లా ఏనెబావి లాంటి ఊరు రసాయనాలు లేకుండా సాగు చేస్తుందన్న సంగతి అప్పుడు చెప్తే పిల్లల చెవికెక్కుతుంది.

ఫిలిప్పీన్స్‌లో పది మొక్కలు నాటితేనే డిగ్రీ ఇస్తారని వాట్సాప్‌లో వచ్చింది. మన దగ్గరా పెట్టొచ్చు కదా?

అది చట్టం కాలేదు. 2019లో ఆ దేశ దిగువ సభ బిల్లు పాస్ చేసింది, అంతటితో ఆగిపోయింది. ఏటా జూన్ వచ్చేసరికి ఆ ఫార్వర్డు మాత్రం ప్రాణం పోసుకుంటుంది. ఫిలిప్పీన్స్‌లో నిజంగా ఉన్నది 2008 నాటి పర్యావరణ అవగాహన, విద్యా చట్టం. అది బడి పాఠాల గురించి.

మొక్కల సంగతి మనకు కొత్త కాదు. 2015లో మొదలైన హరితహారంలో బడులన్నీ మొక్కలు నాటాయి. ఏ మొక్క, ఎక్కడ, ఎండాకాలం సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు? ఈ మూడు అడక్కుండా నాటితే ఏటా అదే గుంతలో మళ్లీ నాటొచ్చు.

జపాన్‌లో పిల్లలే బడి ఊడుస్తారట. మన దగ్గర పెడితే?

అక్కడ ఊడుస్తారు, తుడుస్తారు, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తారు. వంతుల ప్రకారం అందరూ చేస్తారు. డాక్టరు కూతురికి ఒక వంతు, కూలీ కొడుక్కి ఒక వంతు అని ఉండదు.

మన దగ్గర ఈ మాట ఎత్తేముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. మన బడుల్లో చీపురు చాలాసార్లు ఎవరి చేతికి వెళ్లిందో అందరికీ తెలుసు. పిల్లలతో మరుగుదొడ్లు కడిగించారని వార్త వస్తే ఊరు భగ్గుమనేది అందుకే, ఆ కోపం న్యాయమైనది. కాబట్టి వంతుల జాబితా గోడ మీద అందరికీ కనిపించాలి, అందులో టీచర్ల పేర్లూ ఉండాలి, మరుగుదొడ్ల పని పిల్లలకు అసలు ఉండకూడదు. ఇంత చేయలేకపోతే ఆ ప్రయత్నమే వద్దు.

నిజానికి జపాన్ నుంచి నేర్చుకోవాల్సింది చీపురు కన్నా పెద్దది ఇంకోటి ఉంది. మినమత ఊళ్లో చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. ఆ జబ్బును 1956లో గుర్తించారు. దానికి కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. ఆ రోజుల్లోనే అక్కడి టీచర్లు కాలుష్యాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. జపాన్ పర్యావరణ విద్య పుట్టింది ఆ కోపంలోంచి, అడవి మీద ప్రేమలోంచి కాదు. ఇప్పుడు ఆ ఊరున్న కుమమోతో ప్రాంతంలో ఐదో తరగతి పిల్లల్ని మినమతకు తీసుకెళ్లి చూపిస్తారు. తమ దేశపు తప్పును తమ పిల్లలకే చూపించే ధైర్యం అది. మనం భోపాల్ గురించి ఎన్ని పేజీలు చెప్తున్నాం? మన ఊరి పక్క వాగు నల్లబడితే ఎన్ని నిమిషాలు చెప్తున్నాం?

మాది గోదావరిఖని. సగం మంది పిల్లల తండ్రులు సింగరేణిలోనే. బొగ్గు చెడ్డదని క్లాసులో ఎలా చెప్పను?

‘చెడ్డది’ అని మొదలుపెడితే పిల్లాడు అక్కడే చెవులు మూసుకుంటాడు. ఆ బొగ్గుతోనే వాళ్లింట్లో అన్నం ఉడుకుతోంది. ఇక్కడ జర్మనీ రూర్ ప్రాంతం కథ పనికొస్తుంది. తరతరాలు బొగ్గు మీద బతికిన ప్రాంతం అది. ఎసెన్‌లోని జోల్‌ఫరైన్ గని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది, ఇప్పుడు మ్యూజియం. చివరి గని 2018 డిసెంబరులో మూసేశారు. అన్నేళ్లపాటు మెల్లగా, కార్మికుల సంగతి చూసుకుంటూ మూశారు.

మీ క్లాసులో ఈ ప్రశ్నలు వేయొచ్చు: నాన్న పనిచేసే గనిలో ఇంకెన్నేళ్ల బొగ్గుంది? ఓపెన్‌కాస్ట్‌కీ భూగర్భ గనికీ ఊరి మీద పడే దుమ్ములో తేడా ఎంత? రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటుంది, అందులో ఎంతమందికి పని దొరుకుతుంది? ఆ పక్కనే థర్మల్ కేంద్రంలో ఎంతమందికి? జవాబులు పిల్లలు ఇంట్లో అడిగి తెచ్చుకుంటారు. బొగ్గు గురించి మీకంటే ఎక్కువ తెలిసిన మనుషులు వాళ్లింట్లోనే ఉన్నారు.

ఫిన్లాండ్, స్వీడన్ పిల్లలు మంచులో కూడా బయట చదువుతారట. మన ఎండల్లో అదెలా?

స్వీడన్‌లో 1957లోనే చిన్నపిల్లల్ని అడవికి తీసుకెళ్లే ‘స్కూగ్స్‌ముల్లె’ అనే పద్ధతి మొదలైంది. జర్మనీలో నాలుగు గోడలే లేని అడవి కిండర్‌గార్టెన్లున్నాయి. వాళ్లు వాతావరణాన్ని బట్టి బట్టలు మార్చుకుంటారు. మనం నెల మార్చుకోవాలి. ఏప్రిల్‌లో వరంగల్ ఎండలో పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం బుద్ధితక్కువ పని. కానీ నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి సగం దాకా, పొద్దున రెండు పీరియడ్లు బయట కూర్చోవడానికి అభ్యంతరం ఏముంది? పక్షులు కూడా ఆ నెలల్లోనే చెరువులకొస్తాయి. సమస్యల్లా ఆ నెలల్లోనే సిలబస్ పరుగు, పదో తరగతికి స్పెషల్ క్లాసులు. అందుకే నేను ఆరు, ఏడు తరగతులతో మొదలుపెట్టమంటాను.

ఇంకో తమాషా ఉంది. ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5. మన బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. పిల్లలు లేని బడిలో, ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టి, పర్యావరణాన్ని కాపాడమని ఫొటో దిగుతాం.

పేద దేశాలకు ఇవన్నీ కుదిరే పనులేనా?

కుదురుతాయి. కెన్యాలో వంగారి మాతాయి 1977లో పల్లె ఆడవాళ్లతో మొక్కల ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చేతిలో డబ్బేమీ లేదు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. చిన్న దేశం కోస్టారికా 1996లో శుభ్రమైన బీచ్‌లకు నీలి జెండా ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత బడులకూ విస్తరించింది.

డబ్బుతో ముడిపెట్టిన ఉపాయం కావాలంటే జర్మనీలో హాంబర్గ్ చూడండి. 1994లో అక్కడి బడులకు ఒక ఒప్పందం పెట్టారు. కరెంటు, వేడి, నీళ్ల ఖర్చులో మీరు ఎంత మిగిలిస్తే అందులో సగం మీ బడికే. పిల్లలే మీటర్లు చదివారు, లైట్లు ఆర్పారు. తెలంగాణలో 2024 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు కరెంటు ఉచితం. బడికి అది పెద్ద ఊరటే, కాకపోతే హాంబర్గ్ ఉపాయం సర్కారు బడిలో పనిచేయదు. ప్రైవేటు బడుల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మీ పిల్లల స్కూలు పేరెంట్స్ మీటింగ్‌లో అడిగి చూడండి, యాజమాన్యం ముఖం చూడాలి.

ఎకో స్కూల్, గ్రీన్ ఫ్లాగ్ సర్టిఫికెట్లకు విలువ ఉందా?

తీసుకునే పద్ధతిని బట్టి. ఎకో స్కూల్స్ 1994లో ఐరోపాలో మొదలై చాలా దేశాలకు పాకింది. అందులో మొదటి మెట్టు పిల్లల కమిటీ, రెండోది బడిలో నీళ్లు, చెత్త, కరెంటు సంగతి పిల్లలే లెక్క తీయడం. జెండా చివర్లో వస్తుంది. మన దేశంలో 2001 నుంచి జాతీయ హరిత దళం కింద బడుల్లో ఎకో క్లబ్బులున్నాయి. మీ బడి ఎకో క్లబ్ రిజిస్టరు తీసి చూడండి. అందులో పిల్లలు వేసిన ప్రశ్న ఒక్కటైనా ఉంటే ఆ క్లబ్ బతికున్నట్టే.

మార్కులు లేకపోతే మనవాళ్లు చదవరు కదా? పరీక్ష పెట్టాల్సిందేనేమో?

మార్కులు పెట్టి చూశాం కదా. ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టాక ఏమైంది? ‘వాయు కాలుష్యం’ చార్టు బుక్‌స్టాల్లో రెడీమేడ్‌గా దొరుకుతోంది. రాత్రి తొమ్మిదింటికి తండ్రి నెట్ సెంటర్లో కలర్ ప్రింట్లు తీయిస్తాడు, తల్లి కత్తిరించి అతికిస్తుంది, పిల్లాడు పేరు రాస్తాడు.

మార్కులు పెట్టాలనుకుంటే అచ్చు నుంచి దించలేని పనికి పెట్టండి. ‘మీ ఇంట్లో వారం రోజుల తడిచెత్త, పొడిచెత్త ఎంతెంత, ఏ రోజు ఎక్కువ, ఎందుకు?’ అని అడిగితే ప్రతి పిల్లాడి జవాబూ వేరుగా ఉంటుంది. ఆదివారం చికెన్ వల్ల ఎక్కువైందని ఎవరైనా రాస్తే ఆ పిల్లాడికి ఫుల్ మార్కులు వేయండి, నిజంగా తూకం వేశాడన్నమాట.

ఇవన్నీ చెప్తే పిల్లలకు భయం, టెన్షన్ పట్టుకోదా?

కొంత పడుతుంది. 2006 పీసా ఫలితాల్లో ఒక విచిత్రం కనిపించింది. పర్యావరణ శాస్త్రం బాగా వచ్చిన పిల్లలకు, పరిస్థితి మెరుగవుతుందన్న ఆశ తక్కువగా ఉంది. తెలిసిన కొద్దీ దిగులు పెరిగింది.

చిన్న తరగతుల్లో ప్రళయం బొమ్మలు చూపించకండి. పెద్ద తరగతుల్లో నిజం దాచకండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. తొమ్మిదో తరగతి పిల్లలు దాని గురించి వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ‘ఇదంతా క్లైమేట్ మార్పే’ అని తేల్చేయకుండా, గాలి అంత వేగం ఎలా పుంజుకుంటుంది, ఏ చెట్లు పడ్డాయి, ఏవి నిలబడ్డాయి, ఆ చోట మళ్లీ ఏం మొలుస్తోంది అని వాళ్ల చేతే వెతికించండి. చేతికి పని దొరికితే భయం కొంత సర్దుకుంటుంది.

ఈ రంగంలో పై చదువులున్నాయా?

ఉన్నాయి. పర్యావరణ శాస్త్రంలో పీజీ, ఇంజనీరింగ్‌లో ఎన్విరాన్‌మెంటల్ బ్రాంచి, ఫారెస్ట్రీలో బీఎస్సీ. రాష్ట్ర ఫారెస్ట్ కాలేజీ ములుగులో ఉందనగానే మన ములుగు జిల్లాకు బయల్దేరకండి. అది సిద్దిపేట జిల్లా ములుగు.

అంతా బాగుంది, కానీ పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్తే ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది?

టీచర్లు అడిగే అసలు ప్రశ్న ఇదే. ఇంతసేపూ చెప్పిన పనులు మన దగ్గర ఆగిపోయేది కూడా ఇక్కడే. బయటికి తీసుకెళ్లే దేశాల్లో టీచరు ముందుగానే చోటు చూసొస్తుంది, ఏ ప్రమాదం ఉందో రాసి పెట్టుకుంటుంది, బడి ఆ కాగితం మీద సంతకం చేస్తుంది. బాధ్యత ఒక్కరి నెత్తిన పడదు. మనం కూడా అంతే చేయాలి. హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకం రాతపూర్వకంగా ఉండాలి. పదిమందికి ఒక పెద్దమనిషి ఉండాలి. ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సభ్యులను, తల్లులను పిలిస్తే వస్తారు. ముందురోజే ఒకరు వెళ్లి కట్ట మీద ముళ్లు, జారుడు, పాములుండే పొదలు చూసి రావాలి. పూడిక తీసిన చెరువుల్లో గుంతలు పైకి కనబడవు, అందుకే ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు, టీచర్లతో సహా. ఫస్ట్ ఎయిడ్ డబ్బా, తాగే నీళ్లు, ఒక బండి దగ్గర్లో ఉండాలి. మత్తడి దూకుతున్న రోజుల్లో కట్ట దగ్గరికే వెళ్లొద్దు. ఆ రోజు ఫోన్లో వీడియో తీసి తెమ్మని ఊళ్లో పెద్దవాళ్లెవరికైనా చెప్పి, క్లాసులో చూపించండి.